బండి పడితే ఇంట్లోనే బాగుచేసుకున్న కథ

గుడివాడ,
ఆదివారం రాత్రి.

ఒరేయ్ మామా,

ముందు నీ టెన్షన్ తీరుస్తాను. నాకేం కాలేదు. ఎడమ మోచెయ్యి దోక్కుపోయింది, మోకాలు కాస్త వాచింది, అంతే. టీటీ ఇంజెక్షన్ చేయించుకున్నాను, మామూలుగానే తిరుగుతున్నాను. చెల్లెమ్మకి కూడా చెప్పు, కంగారు పడొద్దని.

ఫోన్లో నువ్వడిగావు చూడు, “మెకానిక్‌కి ఇచ్చేస్తే పోయేదిగా, ఇంట్లో విప్పుకుని కూర్చోవడం ఎందుకురా” అని. దానికి రెండు ముక్కల్లో జవాబు చెప్పడం నా వల్ల కాలేదు. పైగా నీ బండి కూడా సెల్లార్లో ఎవరో కారు వెనక్కి తీస్తూ తగిలించి పడేశారన్నావు. నీ మాటల్లో ఇండికేటర్ పగిలిందన్న బాధే వినిపించింది గానీ, హ్యాండిల్ ఎలా ఉందో నువ్వు చెప్పలేదు. అందుకే కాస్త తీరిగ్గా రాస్తున్నాను.

నేను పడింది పామర్రు నుంచి వస్తుంటే. కోతలయ్యాయి కదా, రోడ్డుకి ఒక పక్కంతా ధాన్యం ఆరబోసి, అంచున రాళ్లు పేర్చారు. మిషన్ కోత వచ్చాక గింజ పచ్చిపచ్చిగా ఇంటికొస్తోంది. తేమ 17 శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో తీసుకోరు. పొద్దున మంచు, సాయంత్రం మబ్బు చూస్తూ రైతు ప్రాణం అరచేతిలో పెట్టుకుని ఉంటాడు. ఎండ బాగా తగిలే గట్టి నేల రోడ్డు తప్ప వాళ్లకి ఇంకెక్కడ దొరుకుతుంది? ఎదురుగా ట్రాక్టర్ వస్తుంటే దారిచ్చి పక్కకి తీశాను. అటు చిందిన గింజలు ముందు చక్రం కింద దొర్లాయి, బండి ఎడమ పక్కకి జారి పడింది. స్పీడు 20 కూడా లేదు. ధాన్యానికి కాపలా ఉన్న పెద్దాయన ధాన్యం తిరగేసే పార అవతల పడేసి పరుగెత్తుకొచ్చాడు. “దెబ్బలేమైనా తగిలాయా బాబూ” అని నన్ను కూర్చోబెట్టి, నీళ్లిచ్చి, బండి తనే లేపాడు. ఆయన నా కన్నా ఎక్కువ భయపడ్డాడు. ఆయన్ని ఊరుకోబెట్టి వచ్చేసరికి తల ప్రాణం తోకకొచ్చింది.

పడ్డ బండిని లేపగానే కిక్కు కొట్టకూడదు మామా. మనది పాత హీరో హోండా స్ప్లెండర్, కార్బొరేటర్ బండి. పక్కకి ఒరిగితే పెట్రోలు పొంగి బయటికొస్తుంది. ముందు తాళం ఆపేసి, పెట్రోలు నాబ్ కట్టేసి, వాసన పోయేదాకా ఆగాలి. ఇంజిన్ కింద ఆయిలేమైనా కారుతోందేమో ఒంగి చూసుకోవాలి. నీది 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్6 బండి, ఫ్యూయల్ ఇంజెక్షన్‌ది కాబట్టి కార్బొరేటర్ గొడవ ఉండదు. కానీ అలాంటి చాలా బళ్లలో పడిపోతే ఇంజిన్ ఆపేసే సెన్సర్ ఒకటి ఉంటుంది. స్టార్ట్ అవ్వకపోతే బండి చెడిపోయిందని హైరానా పడకు, నిటారుగా నిలబెట్టి తాళం ఒకసారి ఆపి మళ్లీ తిప్పు.

ఇంటికి తెచ్చాక మొదట చేసిన పని కడగడం. మట్టి కింద పగులు కనపడదు. కడిగి ఆరాక చూస్తే, ఎడమ ఇండికేటర్ వైరు మీద వేలాడుతోంది. అద్దం పగిలింది. క్లచ్ లివర్ కొన వంగింది. లెగ్ గార్డ్ లోపలికి నొక్కుకుపోయింది. గేర్ రాడ్ ఇంజిన్ కవర్‌కి ఆనుకుంది. సైడ్ ప్యానెల్‌కి చీలిక. ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ వీటినే చూసి అయ్యో అన్నారు. నాకు మాత్రం వీటిలో ఒక్కటీ భయం పుట్టించలేదు. పామర్రు నుంచి నెమ్మదిగా నడుపుకుంటూ వస్తున్నప్పుడే ఒకటి గమనించాను. బండి నేరుగా పోతోంది గానీ, నా చేతుల్లో హ్యాండిల్ మాత్రం కాస్త పక్కకి తిరిగి ఉంది. కుడి చెయ్యి ముందుకి, ఎడమ చెయ్యి వెనక్కి. చిన్న ప్రమాదమైనా సరే, అసలు పట్టించుకోవాల్సింది అదే.

హ్యాండిల్ తేడాగా ఉంటే మూడు కారణాల్లో ఏదో ఒకటి అయ్యుంటుంది. హ్యాండిల్ పైపే వంగడం ఒకటి. ముందు చక్రాన్ని పట్టుకునే రెండు షాక్‌లూ టీలో, అంటే హ్యాండిల్ కింద వాటిని బిగించి ఉంచే క్లాంపులో, మెలి తిరగడం రెండోది. మూడోది షాక్‌లోని ఫోర్క్ రాడ్డో, టీనో, ఖర్మ కాలితే ఛాసిస్సో వంగడం. మొదటిది పైపు మార్చేస్తే తీరిపోతుంది. రెండోది ఇంట్లో గంటలో సర్దుకుంటుంది. మూడోది మాత్రం ఇంట్లో ముట్టుకోకూడదు. ఈ మూడింటినీ వేరు చేసి చూడకుండా, ముందు చక్రాన్ని చెట్టుకో గోడకో ఆనించి హ్యాండిల్ పట్టుకుని బలంగా ఒక్క గుంజు గుంజేవాళ్లు ఉన్నారు. అలా చేస్తే నేరుగా వచ్చినట్టే కనపడుతుంది. రాడ్డు వంగిందో లేదో మాత్రం ఎప్పటికీ తెలియదు. నేను ఇంట్లో విప్పుకుని కూర్చుంది అందుకే మామా. పైసలు మిగుల్చుకోవాలని కాదు. రేపు పిల్లని వెనక కూర్చోబెట్టుకుని స్కూలుకి తీసుకెళ్లేది నేను. ఆ ముందు చక్రం ఎందుకు పక్కకి తిరిగిందో నా కళ్లతో చూసుకోవాలనిపించింది.

మొదట కొలత. పురికొస తీసుకుని వెనక టైరు చుట్టూ వెనక నుంచి వేసి, రెండు కొసలూ రెండు పక్కల నుంచి ముందుకి లాగాను. నేలకి బెత్తెడు ఎత్తులో పట్టుకోవాలి, అప్పుడే స్టాండుకీ ఫుట్‌రెస్టుకీ తగలకుండా పోతుంది. స్టాండ్లు రెండూ మడిచేయాలి కాబట్టి బండిని నిటారుగా పట్టుకోవడానికి మనిషి కావాలి. మా ఆవిడ పట్టుకుంది, “ఇంకా ఎంతసేపు” అని మధ్యమధ్యలో అడుగుతూనే. స్ప్లెండర్‌లో మనకి కలిసొచ్చేది ఏంటంటే ముందూ వెనకా ఒకే సైజు టైర్లు. పాతవాటికి 2.75-18, ఇప్పటివాటికి 80/100-18. అందుకని చక్రం నేరుగా పెడితే పురికొస రెండు పక్కలా ముందు టైరుని ఒకేలా తాకాలి. నీ బండికి వెనక టైరు వెడల్పు కాబట్టి తాకదు, రెండు పక్కలా సందు సమానంగా ఉంటే చాలు. చక్రాన్ని తాడుకి సరిగ్గా పెట్టి పైకి చూశాను. హ్యాండిల్ ఎడమకి తిరిగి ఉంది. రెండు చక్రాలూ మాత్రం ఒకే గీతలో ఉన్నాయి, ముందుది ఏ పక్కకీ ఒరగలేదు. అప్పుడు కాస్త ప్రాణం లేచొచ్చింది.

తర్వాత హ్యాండిల్ క్లాంపులు విప్పి పైపు తీసి, నాపరాయి అరుగు మీద పెట్టి చూశాను. కొసలు రెండూ ఒకే ఎత్తులో ఉన్నాయి, అంటే పైపు వంగలేదు. ఇక మిగిలింది షాక్‌లు. పక్క నుంచి గొంతుక్కూర్చుని ఒక కన్ను మూసి చూస్తే, కుడి రాడ్డు వెనకాల ఎడమ రాడ్డు పూర్తిగా దాగలేదు. రెండు రాడ్లూ తిన్నగానే ఉండి, ఒకదానికొకటి కాస్త వాలుగా కనపడితే అది వంగడం కాదు, మెలి. రాడ్డులో ఒకచోట విరుపులా కనపడితే అది వంపు. అనుమానం ఉంటే రాడ్డు బయటికి తీసి మందపాటి అద్దం మీద దొర్లించి చూడాలి. హోండా వాళ్ల సర్వీస్ మాన్యువల్స్‌లో మామూలుగా 0.2 మిల్లీమీటర్ దాటితే మార్చేయమంటారు. లేత్ మీద బెండ్ తీయించిన రాడ్డు వేసుకోవడం నాకు ఇష్టం ఉండదు. ఒకసారి వంగిన ఇనుము మళ్లీ అక్కడే లొంగుతుంది. పైగా అక్కడ క్రోమ్ లేచిందంటే ఆయిల్ సీల్‌ని కోసేస్తుంది.

మెలి తీయడం చెప్తాను, నీకు పనికొస్తుంది. యాక్సిల్ నట్టు, మడ్‌గార్డ్ బోల్టులు, కింది టీలో షాక్‌ని పట్టి ఉంచే బోల్టులు వదులు చెయ్యాలి. తీసేయకూడదు, వదులు చెయ్యాలి, అంతే. అప్పుడు ముందు నుంచుని, చక్రాన్ని మోకాళ్ల మధ్య బిగించి, హ్యాండిల్‌ని మెల్లగా రెండో వైపుకి తిప్పాలి. నాకు ‘టక్’ మని చిన్న చప్పుడుతో సర్దుకుంది. ఆ చప్పుడు విన్నప్పుడు వచ్చిన ఆనందం చెప్పలేనురా! తర్వాత యాక్సిల్ బిగించి, ముందు బ్రేకు పట్టుకుని హ్యాండిల్ మీద బరువేసి నాలుగైదుసార్లు కిందికి నొక్కాలి. షాక్‌లు వాటంతట అవే సరైన చోటుకొస్తాయి. అప్పుడు టీ బోల్టులు, చివర్న మడ్‌గార్డ్. మళ్లీ పురికొస పెట్టి చూడటం మర్చిపోకు. అలాగే ముందు చక్రం గాల్లోకి లేపి హ్యాండిల్ ఈ కొస నుంచి ఆ కొసకి తిప్పు. మధ్యలో ఎక్కడైనా పట్టేసినట్టు ఆగితే కోన్ సెట్, అంటే హ్యాండిల్ తిరిగే బేరింగులు, దెబ్బతిందన్నమాట. అది ఊరుకుంటే పోయేది కాదు, మార్చాల్సిందే.

చక్రం ఉత్తినే తిప్పి, షాక్ దగ్గర ఒక పుల్ల ఆనించి పట్టుకుంటే రిమ్ము ఊగులాట తెలిసిపోతుంది. 2 మిల్లీమీటర్లు మించకూడదు. నాది కొంచెం ఎక్కువే ఉంది. చక్రం పుల్లలు (స్పోకులు) బిగించడం నా చేతిలో పని కాదు. ఒకటి బిగిస్తే ఎదురుది వదులు చెయ్యాలి, దానికి చెవీ చెయ్యీ రెండూ తెలిసుండాలి. చక్రం విప్పి మా వీధి చివర ఉన్న ముసలి మెకానిక్ దగ్గరికి పట్టుకెళ్లాను. ఆయన పుల్లల్ని పానాతో ఒక్కొక్కటే మీటి, శబ్దం విని, ఏది వదులో కళ్లు మూసుకుని చెప్పేశాడు. నేను ఆయన పక్కన కూర్చుని ఊరికే చూశాను. అలాంటి పనికి డబ్బులివ్వడం నాకు సంతోషం.

ఇక మిగతావి. గేర్ రాడ్ బండికి ఉండగానే సుత్తితో కొట్టి సరిచేసేస్తారు చాలామంది, అది వద్దు. ఆ దెబ్బ లోపలున్న షాఫ్ట్‌కీ ఆయిల్ సీల్‌కీ తగులుతుంది. షాఫ్ట్ పళ్ల మీద ఏ స్థానంలో ఉందో పెయింట్ చుక్కతో గుర్తు పెట్టుకుని, విప్పి, వైస్‌లో పెట్టి లాగితే వచ్చేస్తుంది. ఫుట్‌రెస్ట్ బార్ కూడా వంగింది. అది ఇంజిన్ కింద నాలుగు బోల్టులతో ఉంటుంది, విప్పి వెల్డింగ్ షాపులో వేడి చేయించి తిన్నగా చేయించి తెచ్చాను. క్లచ్ లివర్ కొత్తది వేశాను. వంగిన అల్యూమినియం లివర్‌ని వెనక్కి లాగితే సరిగ్గా ట్రాఫిక్‌లోనే చేతికి ఊడొస్తుంది. కొన దగ్గర 10 నుంచి 20 మిల్లీమీటర్ల ఆట (లూజు) ఉండేలా కేబుల్ సర్దాను.

ఇండికేటర్ దగ్గర వైర్ల రంగులు తెలిస్తే పని ఇట్టే అయిపోతుంది. హోండా పద్ధతిలో నారింజ ఎడమకి, లేత నీలం కుడికి, ఆకుపచ్చ ఎర్త్. నల్లది చూసి ఎర్త్ అనుకునేవు సుమా, అది తాళం తిప్పితే కరెంటొచ్చే వైరు.

సైడ్ ప్యానెల్ చీలిక అతికించే ముందు లోపలి వైపు తిప్పి చూడు, ప్లాస్టిక్ ఏ రకమో చెప్తూ ఏబీఎస్ అనో పీపీ అనో చిన్న అక్షరాలు అచ్చేసి ఉంటాయి. ఏబీఎస్ అయితే అసిటోన్ అనే ద్రావకంలో కరుగుతుంది. పనికిరాని అదే రకం ముక్కలు అసిటోన్‌లో నానబెట్టి, ముద్దలా అయ్యాక లోపలి నుంచి రాస్తే చీలిక ఒకటైపోతుంది. పీపీకి ఆ వైద్యం పనిచేయదు, రెండు పక్కలా చిన్న రంధ్రాలు చేసి సన్న తీగతో కుట్టాలి. నాది ఏబీఎస్. రాసి రాత్రంతా కదపకుండా వదిలేశాను, పొద్దున వంచి చూస్తే గట్టిగా ఉంది. గీతలు అలాగే వదిలేశాను, వాటితో బండికి నష్టం లేదు.

ఇన్సూరెన్స్ క్లెయిమ్ ఎందుకు పెట్టలేదని మా బావమరిది అడిగాడు. ప్లాస్టిక్ సామానుకి సగమే ఇస్తారు. క్లెయిమ్ లేకుండా ఏడాది గడిస్తే 20 శాతంతో మొదలై, అయిదేళ్లకి 50 శాతం దాకా పెరిగే ప్రీమియం తగ్గింపు, అదే నో క్లెయిమ్ బోనస్, ఒక్కసారికే పోతుంది. ఇండికేటర్‌కీ అద్దానికీ అది పోగొట్టుకోవడం దండగ. నీ విషయంలో మాత్రం లెక్క వేరు. తగిలించింది కారు వాళ్లు. వాళ్లెవరో తెలిసి ఉంటే మొహమాటపడకుండా అడుగు. అపార్ట్‌మెంట్‌లో రోజూ ఎదురుపడేవాళ్లని వదిలేశావేమో అని నా అనుమానం.

అన్నీ బిగించాక ఇంజిన్ స్టార్ట్ చేసి, హ్యాండిల్ ఆ కొస నుంచి ఈ కొసకి తిప్పి విన్నాను. తిప్పినప్పుడు ఇంజిన్ మోత పెరిగితే యాక్సిలరేటర్ కేబుల్ ఎక్కడో లాగుతోందని అర్థం. మోత మారలేదు. యాక్సిలరేటర్ వదిలితే టక్కున వెనక్కొస్తోంది. బ్రేకులు రెండూ పట్టి చూసి, మొదట వీధిలో, తర్వాత బైపాస్ మీద నడిపాను. ఒక్క క్షణం పట్టు వదులు చేసి చూస్తే ఎటూ లాగలేదు. ఇంటికి రాగానే బోల్టులన్నీ మళ్లీ ఒకసారి పానా వేసి చూశాను. వారం తిరిగాక ఇంకోసారి చూస్తాను.

హెల్మెట్ మార్చేశాను. తల నేలకి తగిలింది రా, గట్టిగా కాదు గానీ తగిలింది. లోపలుండే థర్మోకోల్ ఒక్క దెబ్బకే పనికొస్తుంది. నలిగాక పైకి ఎంత బాగున్నా రెండోసారి కాపాడదు. కొత్తది ఐఎస్ఐ గుర్తు, ఐఎస్ 4151 నంబరు ఉందో లేదో చూసి తీసుకున్నాను. పాతదాని పట్టీ కోసేసి పారేశాను, ఎవరూ ఎత్తుకుని పెట్టుకోకుండా.

నువ్వు రేపే సెల్లార్లోకి దిగి పురికొస పెట్టి చూడు. పక్క నుంచి ఒకటి, పై నుంచి ఒకటి ఫోటోలు తీసి పంపు, వంపో మెలో చూసి చెప్తాను. అప్పటిదాకా స్పీడుగా పోయే పెద్ద రోడ్ల మీదకి మాత్రం తీసుకెళ్లకు. సికింద్రాబాద్ రాణిగంజ్ వైపు పనుంటే చిన్న టార్క్ రెంచ్, అంటే బోల్టు ఎంత బిగిసిందో కొలిచే పానా, ఒకటి ధర కనుక్కో, 10 నుంచి 60 న్యూటన్ మీటర్ల దాకా ఉంటే మన ఇద్దరి బళ్లలో చాలా బోల్టులకి సరిపోతుంది. సంక్రాంతికి వచ్చేటప్పుడు తెస్తే, నీ బండి బోల్టులకి కూడా ఇక్కడే పానా వేద్దాం.

నీ
మామ