విదేశాంగ మంత్రి గారికి బహిరంగ లేఖ: మన కాన్‌బెర్రా మనుషులు ఉన్నట్టా, పోయినట్టా?

గౌరవనీయులైన కేంద్ర విదేశాంగ శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు. ఏటా జనవరి 1న ఒకసారి, జూలై 1న ఒకసారి మీ శాఖ ఒక ప్రకటన విడుదల చేస్తుంది. 2008 ఒప్పందం ప్రకారం మన జైళ్లలోని పాకిస్తానీల పేర్లు వాళ్లకు, వాళ్ల జైళ్లలోని మనవాళ్ల పేర్లు మనకు ఇచ్చుకుంటారు. ఆ ప్రకటనలో ఒక వాక్యం తప్పకుండా ఉంటుంది. పౌర ఖైదీలను, జాలర్లను పడవలతో సహా, ఆచూకీ లేని మన రక్షణ సిబ్బందిని త్వరగా విడిచిపెట్టాలని పాకిస్తాన్‌ను కోరాం అని. ఈ ఉత్తరం ఆ వాక్యంలోని చివరి ముక్క గురించి. మరీ ముఖ్యంగా, 1971 పాకిస్తాన్ యుద్ధంలో కాన్‌బెర్రా అనే బాంబర్ విమానంలో వెళ్లి తిరిగి రాని ఇద్దరు వాయుసేన అధికారుల గురించి.

నేను వాయుసేనలో ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టర్‌గా, అంటే విమానం బాడీ మరమ్మతులు చూసేవాడిగా పనిచేసి రిటైరైనవాణ్ణి. ఆగ్రాలో ఉన్నన్నాళ్లూ కాన్‌బెర్రా బాంబర్ల మీదే పని. 1971 యుద్ధం నాటికి ఇంకా బళ్లోనే ఉన్నాను, అంచేత ఆ ఇద్దర్నీ, పైలట్ ఫ్లైట్ లెఫ్టినెంట్ సాసూన్ గారినీ, నావిగేటర్ ఫ్లైట్ లెఫ్టినెంట్ అద్వానీ గారినీ చూడలేదు. వాళ్లు ఎక్కి వెళ్లిన రకం విమానం మాత్రం లోపలా బయటా నాకు కొట్టినపిండే.

దాడులకు వాడిన ఆ కాన్‌బెర్రాలో ఇద్దరే ఉంటారు. ఇద్దరూ కుడి పక్కనున్న ఒకే చిన్న తలుపులోంచి ఎక్కాలి. పైలట్ ఎడమవైపు, పైన, అద్దాల గుమ్మటం కింద కూర్చుంటాడు. ఆయనకు ఎజెక్షన్ సీటు, అంటే ఆపదలో మనిషిని బయటికి ఎగరేసే సీటు ఉంటుంది. దారి చూపే నావిగేటర్‌కు ఉండదు. బాంబు గురి చూడాలంటే విమానం ముక్కులోకి పాక్కుంటూ వెళ్లి బోర్లా పడుకోవాలి. దెబ్బ తగిలితే పైలట్ హ్యాండిల్ లాగి బయటపడొచ్చు. నావిగేటర్ మాత్రం ఆ చీకట్లో వెనక్కి పాక్కుంటూ వచ్చి, పారాషూట్ ఛాతీకి తగిలించుకుని, ఎక్కిన తలుపులోంచే దూకాలి. విమానం నేలకు దగ్గరగా ఉండి, మంటల్లో గింగిరాలు కొడుతుంటే ఇది ఎంతవరకు అయ్యే పనో తమరే ఆలోచించండి. కదలకుండా నిలబెట్టిన విమానంలో, లైటు వేసుకుని సర్వీసింగ్ చేసేటప్పుడే ఆ సందులోంచి బయటికి రావడానికి నా మోచేతులు దోక్కుపోయేవి.

ఇది ఊహ కాదు. 1965 సెప్టెంబరులో ఒక రాత్రి పాకిస్తాన్ ఎఫ్-104 యుద్ధ విమానం ఒకటి మన కాన్‌బెర్రాను కూల్చింది. పైలట్ ఎజెక్ట్ అయి పట్టుబడ్డారు, తర్వాత దేశానికి తిరిగొచ్చారు. నావిగేటర్ చనిపోయారు. ఆ యుద్ధంలో ఆ ఇద్దరికీ ఏం జరిగిందో మనకు తెలుసు, కుటుంబాలకూ తెలుసు.

1971 డిసెంబరులో, యుద్ధం మొదలైన కొద్ది రోజులకే, రాత్రి దాడికి వెళ్లిన సాసూన్, అద్వానీల విమానం తిరిగి రాలేదు. ఆ యుద్ధంలో తమ మిరాజ్ యుద్ధ విమానం ఒకటి రాత్రిపూట కాన్‌బెర్రాను కూల్చిందని పాకిస్తాన్ వాయుసేన వాళ్లు గొప్పగా రాసుకున్నారు. అంటే కూల్చామని చెప్పేవాడు ఒకడున్నాడు, కూలిన విమానం ఎక్కడో నేల మీద పడింది, దాని పక్కకు ఎవరో ఒకరు వెళ్లే ఉంటారు. మనం ఆ ఎవరో ఒకర్ని ఎప్పుడైనా అడిగామా? ఇద్దరి పేర్లూ తీసుకెళ్లి, ఆచూకీ లేకుండా పోయి పాకిస్తాన్ చెరలో ఉన్నారనుకునే 54 మంది సైనికుల జాబితాలో, 'మిస్సింగ్ 54' అని దేశమంతా పిలిచే దాంట్లో రాసేశాం. పైలట్ బయటపడ్డారా? నావిగేటర్ తలుపు దాకా రాగలిగారా? శకలాలు ఏ ఊరి పొలిమేరలో పడ్డాయి? ఈ ప్రశ్నలకు జవాబు జాబితాలో ఉండదు. జాబితాలో పేరు, ర్యాంకు, నంబరు ఉంటాయి, అంతే.

ఇక అసలు విషయానికొస్తాను. 2015 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ధర్మాసనం, ఈ 54 మంది బతికి ఉన్నారా అని సూటిగా అడిగింది. కేంద్రం తరఫున సొలిసిటర్ జనరల్ గారు, మాకు తెలియదు, పాకిస్తాన్ తమ జైళ్లలో లేరంటోంది గనుక చనిపోయి ఉంటారనుకుంటున్నాం అన్నారు. సరే. మరి 2019లో పార్లమెంటుకు మీ శాఖ ఇచ్చిన జవాబేమిటి? ఈ 54 మందితో కలిపి 83 మంది రక్షణ సిబ్బంది పాకిస్తాన్ చెరలో ఉన్నట్టు మాకున్న సమాచారం, ఆ దేశమే ఒప్పుకోవడం లేదు అని. కోర్టులో చచ్చిపోయినవాళ్లు పార్లమెంటు మెట్లెక్కేసరికి బతికొచ్చారన్నమాట! జనవరి 1 నాటికి విడుదల కావలసినవాళ్లు కూడా అవుతారు. అయ్యా, ఒకే ప్రభుత్వం, ఒకే మనుషులు, మూడు జవాబులు. ఇందులో ఇంటివాళ్లు దేన్ని నమ్మి దీపం పెట్టాలి? దేన్ని నమ్మి ఎదురుచూడాలి?

అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్లమని గుజరాత్ హైకోర్టు 2011లో చెబితే, వెళ్లకుండా 2012లో స్టే తెచ్చుకున్నదీ మన కేంద్రమే. ఇవన్నీ రెండు దేశాల మధ్య తేల్చుకునేవి, మూడోవాళ్ల దగ్గరికి వెళ్లం అన్నారు. ఐదేళ్లు తిరిగేసరికి, పాకిస్తాన్ ఉరిశిక్ష వేసిన మన మాజీ నేవీ అధికారి కుల్‌భూషణ్ జాధవ్ గారి కోసం హేగ్‌లోని అదే న్యాయస్థానం మెట్లు ఎక్కాం, 2019లో మనకు అనుకూలంగా తీర్పూ తెచ్చుకున్నాం. మంచి పని చేశారు, చప్పట్లు కొట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. అయితే యూనిఫాం వేసుకుని ఆజ్ఞ మీద వెళ్లినవాళ్లకు ఆ దారి ఎందుకు మూసుకుపోయిందో ఎవరూ చెప్పరు.

1972లో సిమ్లా ఒప్పందం నాటికి మన చేతుల్లో 93 వేల మంది పాకిస్తానీ ఖైదీలు ఉన్నారు. అప్పుడు అడగాల్సింది అప్పుడు అడగలేదు. 1983లో ఆచూకీ లేనివాళ్ల బంధువుల్ని పాకిస్తాన్‌లోని ముల్తాన్ జైలుకు తీసుకెళ్లారు. 2007లో ఇంకో పద్నాలుగు మంది కుటుంబ సభ్యుల్ని అక్కడి పలు జైళ్లు తిప్పారు. రెండుసార్లూ ఉత్త చేతులతో వచ్చారు. పాకిస్తాన్ జైలు అధికారి చూపించిన గదులే చూడగలిగే ముసలి తల్లిదండ్రులు, భార్యలు ఏం కనిపెడతారని పంపారో! అది దర్యాప్తు అధికారులు చేయాల్సిన పని.

జాబితాలో అందరి సంగతీ ఒకటి కాదు, తమకూ తెలుసు. మేజర్ అశోక్ సూరి గారి తండ్రికి 1975లో కరాచీ నుంచి కొడుకు రాసిన ఉత్తరం వచ్చింది. ఫ్లైట్ లెఫ్టినెంట్ తాంబే గారి పేరు, కాస్త తప్పు అక్షరాలతో, పట్టుబడిన పైలట్లలో ఒకరిగా ఆనాడు పాకిస్తాన్ పత్రికలోనే అచ్చయింది. అలాంటి సాక్ష్యం ఉన్నవాళ్లనూ, రాత్రి చీకట్లో విమానంతో సహా మాయమైనవాళ్లనూ ఒకే గాటన కట్టి, ఒకే వాక్యంలో అడగడం వల్ల పాకిస్తాన్‌కు పని తేలికైంది. ఒక్కరు కూడా లేరు అని ఒక్క ముక్కలో తేల్చేస్తోంది. నా మట్టుకు నేను, నావిగేటర్ కాబట్టి అద్వానీ గారు ఆ రాత్రి విమానంలోంచి బయటపడి ఉండరనే అనుకుంటున్నాను. ఈ మాట చాలామందికి నచ్చదు. కానీ అది నిజమైతే ఆయన్ని విడుదల చేయమని అడగడం కాదు, ఎక్కడ పూడ్చారో చూపించమని అడగాలి. ఆ ప్రశ్న పాకిస్తాన్‌ను మనం ఎన్నడైనా వేశామా?

మా జిల్లా సంగతే చూడండి. 2018 నవంబరులో గుజరాత్ తీరంలో వేటకు వెళ్లిన శ్రీకాకుళం, విజయనగరం జాలర్లు పాకిస్తాన్ వాళ్లకు చిక్కారు. 2020 జనవరిలో ఇరవై మంది వాఘా దాటి ఇళ్లకు చేరారు. ఆడవాళ్లు ఊళ్లో పడ్డ బాధ కళ్లారా చూసినవాణ్ణి, అందుకు మీ శాఖకు చేతులెత్తి దండం పెడతాను. వాళ్లు రాగలిగింది ఎందుకంటే పేర్లు రెండు దేశాల కాగితాల మీదా ఉన్నాయి. అదే వాక్యంలో, ఆ జాలర్ల పక్కనే మన వాయుసేన వాళ్లనూ ఇరికించి, ఇద్దరికీ ఒకే అర్జీ పెడితే ఎలా?

అమెరికా వాళ్ల తీరు చూడండి. 1944 జనవరి 25న చైనా నుంచి అస్సాంకు వస్తూ వాళ్ల బి-24 బాంబర్ ఒకటి ఎనిమిది మందితో మన అరుణాచల్ కొండల్లో కూలింది. 2006లో ఒక అమెరికన్ కొండలెక్కి దాన్ని కనిపెట్టాడు. చైనా ఏమంటుందోనని మనం కొన్నేళ్లు అనుమతుల దగ్గర నానబెట్టినా, వాళ్లు వదల్లేదు. 2015లో తవ్వారు. 2016 ఏప్రిల్‌లో ఢిల్లీ నుంచి ఆ అవశేషాలను తీసుకెళ్తుంటే వాళ్ల రక్షణ మంత్రి ఆష్ కార్టర్ స్వయంగా వచ్చి నిలబడ్డారు. వాళ్లలో ఒకరైన రాబర్ట్ ఆక్స్‌ఫర్డ్‌ను గుర్తించి 2017లో జార్జియాలోని సొంత ఊళ్లో ఖననం చేశారు. డెబ్బై మూడేళ్ల తర్వాత! మన గడ్డ మీది వాళ్ల మనుషుల్ని పంపించడానికి మనకు మనసొప్పింది. మన మనుషుల్ని అడగడానికి నోరు రావడం లేదు. చేతకాక కాదు. 1968లో రోహ్‌తంగ్ దగ్గర కూలిన మన ఏఎన్-12 రవాణా విమానంలోని జవాన్ల దేహాలను 2024లో కూడా మన సైన్యమే మంచులోంచి తీసింది.

నా అర్జీల గురించి ఒక్క మాట. ఒక శాఖకు రాస్తే సంబంధిత విభాగానికి పంపించామన్నారు. ఆ విభాగం వాళ్లు ఇది మా పరిధిలోకి రాదు, మొదటి చోటికే రాయండి అన్నారు. సమాచార హక్కు కింద ఆ రాత్రి దాడి రికార్డు అడిగితే దేశ భద్రత అడ్డమొచ్చింది. కాన్‌బెర్రాలు 2007లోనే వాయుసేన నుంచి సెలవు తీసుకున్నాయి, ఇప్పుడు వాటి పక్కన నిలబడి పిల్లలు సెల్ఫీలు దిగుతున్నారు. యాభై ఏళ్ల కిందట ఒక రాత్రి అందులో ఒకటి ఏ దిక్కుకు వెళ్లిందో చెబితే ఏ శత్రువు బలపడతాడండీ? పైగా యుద్ధ రికార్డులు మామూలుగా 25 ఏళ్లకు బయటపెడతామని 2021 జూన్‌లో రక్షణ మంత్రి గారే ఒక విధానానికి ఆమోదం తెలిపారు. 1971కి ఆ 25 ఏళ్లు ఎప్పుడో రెండుసార్లు నిండాయి. మాట ఇచ్చిన శాఖ వేరు, మీ శాఖ వేరు అంటారేమో. ఒకే మంత్రివర్గంలో ఒకే బల్ల చుట్టూ కూర్చుంటారు కదా, ఒకసారి అటు తిరిగి అడగండి.

నేను అడిగేది పెద్ద కోరిక కాదు. సాసూన్, అద్వానీల దాడి రికార్డు బయటపెట్టించండి. కూలిన చోటు చెప్పమని, అక్కడ దొరికినవాళ్లను ఏం చేశారో చెప్పమని పాకిస్తాన్‌కు విడిగా, పేర్లతో, విమానం నంబరుతో సహా రాయండి. జాబితాలో ప్రతి పేరుకూ మన దగ్గరున్న సాక్ష్యమేమిటో విడదీసి ఇంటివాళ్లకు చెప్పండి. చనిపోయారని నమ్ముతున్నారా, ఆ మాటే చెప్పండి, ఏడ్చేది ఏడుస్తారు. బతికున్నారని నమ్ముతున్నారా, హేగ్‌కు వెళ్లండి. ఆ ఇద్దరూ ఉండి ఉంటే ఈపాటికి ఎనభై దాటిన ముసలివాళ్లు. దయచేసి రికార్డు తెరిపించండి, ముందు అదొక్కటి చేయండి చాలు.

వచ్చే ప్రకటన ముసాయిదా తమ బల్ల మీదకు సంతకానికి వచ్చినప్పుడు, ఆ వాక్యం దగ్గర ఆగి, ఇందులో మనం అడుగుతున్నది మనుషుల్నా, అస్థికల్నా అని కింది అధికారుల్ని అడగండి. వాళ్లు చెప్పిన జవాబు మాకూ తెలియజేయండి.

ఇట్లు,
తమ విధేయుడు,
వాయుసేన రిటైర్డ్ ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టర్,
శ్రీకాకుళం జిల్లా