నాగార్జునకొండ శాసనాలను తెలుగులో చదవనివ్వండి

కేంద్ర సాంస్కృతిక శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నాగార్జునకొండకు వెళ్లేవాళ్లు చాలామంది మ్యూజియం చూసి, ఫోటోలు దిగి, లాంచీ వెళ్లిపోతుందేమోనన్న టెన్షన్‌తో రేవుకు పరుగెడతారు. తాము దాటి వచ్చిన నీళ్ల అడుగునే ఒకప్పుడు ఆంధ్రదేశాన్ని ఏలిన ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉందని, ఇప్పటి దీవి అప్పట్లో ఆ లోయలో ఒక కొండ మాత్రమేనని అక్కడ వాళ్లకు ఎవరు చెప్పాలి?

1926లో సూరపరాజు వెంకటరామయ్య అనే బడిపంతులు ఈ శిథిలాల సంగతి బయటపెట్టారు. సాగర్ డ్యామ్ వస్తుందని తేలాక 1954 నుంచి 1960 వరకు లోయంతా తవ్వి, తొమ్మిది కట్టడాలను కొండ మీద తిరిగి పేర్చారు. కొన్నింటికి జలాశయం ఒడ్డున ఉన్న అనుపులో నమూనాలు కట్టారు. డ్యామ్ కట్టడాన్ని నేను తప్పు పట్టను, మా పొలాలు తడిసేది ఆ నీళ్లతోనే. కానీ మునిగిన ఊరి కథ కూడా మునిగిపోకూడదు కదా!

ఆ కథ చెప్పేవి శాసనాలు. మూడో శతాబ్దంలో ఇక్కడి మహాచైత్యాన్ని, అంటే పెద్ద బౌద్ధ స్తూపాన్ని, నిలబెట్టింది ఇక్ష్వాకు రాజుగారి మేనత్త చాంతిసిరి. ఉజ్జయిని నుంచి వచ్చిన రుద్రధర భట్టారిక ఒక స్తంభాన్ని, దీనారి మాషకాలనే నాణేలు 170 దానికి ఇచ్చింది. నన్ను అన్నిటికన్నా కదిలించేది ఉపాసిక, అంటే బౌద్ధ గృహస్థురాలు, బోధిసిరి శాసనం. ఆమె రాణి కాదు. అయినా చులధమ్మగిరి అనే గుట్ట మీద సింహళ (శ్రీలంక) భిక్షువుల కోసం చైత్యగృహం, అంటే ప్రార్థనా మందిరం, కట్టించింది. సింహళ విహారంలో బోధివృక్షానికి మందిరం, పూర్వశైలమనే విహారంలో చెరువు, ఘంటసాల మహాచైత్యం తూర్పు వాకిట రాతి మండపం, ఇవన్నీ ఆమె చేయించినవే. ఆ భిక్షువుల పరంపర కాశ్మీరు, గాంధారం, చీనా దాకా ధర్మాన్ని తీసుకెళ్లిందని కూడా రాయించింది. పల్నాటి రాయి మీద ఇంత లోకం ఉంది!

ఈ ప్రాకృత శాసనాలు ఇంగ్లీషు అనువాదంతో దాదాపు వందేళ్ల కిందటే అచ్చయ్యాయి. వాటిని మా పిల్లలకు అర్థమయ్యే తెలుగులోకి తెప్పించండి. కొండ మీద తిరిగి పేర్చిన ప్రతి కట్టడం దగ్గరా అది లోయలో ఎక్కడ ఉండేదో మ్యాపులో చూపించి, దాత తెలిసిన చోట వారి పేరు, శాసన పాఠం రాయించండి. కొండ మీది కోట గోడలు మధ్యయుగం నాటివని కూడా అక్కడే చెప్పాలి, లేకపోతే చూసేవాళ్లు అన్నీ ఒకే కాలానివనుకుంటారు.

అదే సమాచారంతో ఒక చిన్న పుస్తకం వేయించి, లాంచీ టికెట్ ఇచ్చే చోటే అమ్మించండి. విహారయాత్రకు వచ్చే బడిపిల్లలకు ఉచితంగా ఇప్పించండి.

ఇట్లు,
పల్నాడు జిల్లా వాసి