రేటు మీటింగులోనే వంక నీళ్ల సంగతీ తేల్చండి: చిత్తూరు కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన చిత్తూరు జిల్లా కలెక్టర్ గారికి నమస్కారం.

తోతాపురి మామిడి కోతలు వస్తున్నాయంటే మీ దగ్గర మీటింగు జరుగుతుంది. పల్ప్ ఫ్యాక్టరీల వాళ్లు ఒకవైపు, మామిడి రైతులు ఒకవైపు, మధ్యలో ఉద్యానశాఖ అధికారులు. కిలో ఎంతకు కొంటారన్నదే అక్కడ అసలు మాట. 2025లో ధర పడిపోతే ఫ్యాక్టరీలు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు ఇచ్చేలా నిర్ణయం జరిగింది. అదే మీటింగులో ఇంకో విషయం కూడా పెట్టమని అడగడానికే ఈ ఉత్తరం. మా కాయ కొని గుజ్జు తీశాక మిగిలే నీళ్లు ఎక్కడికి పోతున్నాయి?

నేనూ మామిడి రైతునే. చెరువు కింద కొంచెం వరి, మెట్టన తోతాపురి తోట. ఫ్యాక్టరీలు మూసెయ్యమని అననే అనను, మూస్తే ముందు మునిగేది మేమే. అయితే కాయ అమ్ముకున్నంత మాత్రాన చెరువు కూడా అమ్మేసినట్టు కాదు కదా.

సీజన్‌లో మొదటి గట్టి వాన పడగానే మా వంకలో వచ్చే నీళ్లను ఒకసారి చూడాలి మీరు. టీ డికాక్షన్ రంగు, పైన నురగ, అందులో తేలుతూ మామిడి పీచు. పులిసిన వాసన కట్ట మీదికి వచ్చేస్తుంది. ఆ నీళ్లు చెరువులో కలిసిన తర్వాత తెల్లవారుజామున చేపలు నోళ్లు తెరుచుకుని నీటి పైకి వస్తాయి. ముందు బొచ్చె, శీలావతి పోతాయి. ఆ తర్వాత, మురికి గుంటలో కూడా బతికే జిలేబి చేప సైతం వెల్లకిలా తేలుతుంది. వేలంలో చెరువు పాడుకున్నవాడు నెత్తిన చేతులు పెట్టుకుంటాడు.

"మామిడి రసంలో విషమేముంది సార్" అంటారు ఫ్యాక్టరీ వాళ్లు. నిజమే, లేదు. ఉన్నది చక్కెర. దాన్ని తినే సూక్ష్మజీవులు నీటిలోని ఆక్సిజన్‌ను వాడుకుంటాయి. మన ఎండలకు వేడెక్కిన చెరువులో లీటరుకు ఏడెనిమిది మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగి ఉంటేనే గొప్ప. ఇలా సూక్ష్మజీవులకు పట్టే ఆక్సిజన్‌నే బీఓడీ లెక్కలో చూస్తారు. శుద్ధి చేసి వంకలోకి వదిలే నీటిలో ఇది లీటరుకు 30 మిల్లీగ్రాములు దాటకూడదని నిబంధన. శుద్ధి చేయని పండ్ల ఫ్యాక్టరీ నీళ్లలో ఇది వేలల్లో ఉంటుంది. రాత్రిపూట నాచు కూడా ఆక్సిజన్ పీల్చుకుంటుంది కాబట్టి చేపలకు తెల్లవారే వేళే గండం.

ఆక్సిజన్ అయిపోయాక వేరే రకం సూక్ష్మజీవులు పని మొదలెడతాయి. నీళ్లు నల్లబడి కుళ్లిన కోడిగుడ్ల వాసన వస్తాయి. ఆవులు మూతి పెట్టి వెనక్కి తిరుగుతాయి, పాడి మీద బతికే ఊళ్లో ఇది చిన్న సంగతేం కాదు. పైగా మన దగ్గర బోర్లకు నీళ్లూరేది చెరువుల నుంచే. ఆక్సిజన్ లేని ఆ నీరు భూమిలోకి దిగుతూ మట్టిలోని ఇనుమును కరిగించుకుంటుంది. బిందెలో పట్టి ఉంచితే అడుగున ఎర్రటి మడ్డి కడుతుంది.

శుద్ధి ప్లాంట్లు లేవా అంటే ఉన్నాయి. చిక్కంతా సీజన్‌తోనే. ఆ ప్లాంటులో మురికిని తినేది కూడా సూక్ష్మజీవులే. పేడ నీళ్లతో వాటిని పెంచి, అలవాటు చేయడానికి రెండు మూడు వారాలు పడుతుంది. ఏడాదిలో ఎక్కువ నెలలు ఖాళీగా ఉన్న ప్లాంటు మీద, కాయ లారీలు క్యూ కట్టిన మొదటి రోజునే పూర్తి లోడు పడితే అది తట్టుకోలేదు. మోటార్లు తిరుగుతూనే ఉంటాయి, కరెంటు బిల్లు వస్తూనే ఉంటుంది, నీళ్లు మాత్రం వచ్చినవి వచ్చినట్టే బయటికి పోతాయి. తనిఖీ డిసెంబర్‌లో జరిగితే ప్లాంటు అద్దంలా ఉంటుంది. అప్పుడు చూసి ఏం లాభం?

తొక్క, టెంక సంగతి మరొకటి. కాయలో మూడో వంతుకు పైగా అవే. కొన్నిచోట్ల వాటిని వంక గట్టున ట్రాక్టర్లతో దించేస్తారు, వాన పడితే ఆ రసమంతా దిగువకే. తొక్కతో గ్యాస్ తీయొచ్చు, టెంక లోపలి పప్పు నుంచి కొవ్వు తీస్తారు. పారేసే సరుకు కాదది.

"వంక ఎండిపోయి ఉంది, అక్కడ నది ఎక్కడుంది" అనే వాదన కూడా విన్నాం. 1974 నాటి నీటి కాలుష్య నివారణ చట్టం ప్రకారం ప్రస్తుతానికి ఎండి ఉన్న నీటి దారి కూడా ప్రవాహం కిందికే వస్తుంది. రాయలసీమ వంకలను చూసే రాశారేమో అనిపిస్తుంది.

అంతా ఫ్యాక్టరీల మీదికే తోయడం కూడా న్యాయం కాదు. చిత్తూరు టౌన్ మురుగు నీవా నదిలోకి చేరుతోంది. మురుగులోని నత్రజని, భాస్వరం తిని గుర్రపుడెక్క బలుస్తోంది. ఆ నీవా పొన్నై నదిలో, పొన్నై పాలారు నదిలో కలుస్తాయి. పాలారును తోళ్ల ఫ్యాక్టరీలు పాడు చేశాయని తమిళనాడు వాళ్లు సుప్రీంకోర్టుకెక్కారు. కాలుష్యం చేసినవాడే నష్టం కట్టాలని 1996లో ఆ కేసులోనే కోర్టు చెప్పింది. ఎగువన ఉన్న మనకు ఆ తీర్పు వర్తించదనుకోవడానికి వీల్లేదు.

మా కోరికలు పెద్దవేం కావు. కాయ కొనుగోలు మొదలవడానికి మూడు వారాల ముందే ప్రతి ఫ్యాక్టరీ శుద్ధి ప్లాంటు నడుస్తోందని అధికారులు చూసి సంతకం పెట్టాలి. శాంపిళ్లు జూన్, జూలైల్లో, చెప్పకుండా వచ్చి తీయాలి. ఫ్యాక్టరీ గేటు లోపల తీస్తే చాలదు, వంక చెరువులో కలిసే చోట కూడా తీయాలి. బీఓడీ ఫలితానికి మూడు రోజులు పడుతుంది గానీ ఆక్సిజన్, పీహెచ్ (నీటిలో పులుపు ఎంతో చెప్పే అంకె) అక్కడికక్కడే మీటరుతో చూడొచ్చు. ఆ అంకెలు గ్రామ సచివాలయం బోర్డు మీద అంటించాలి. చేపలు చచ్చాక ఎవరికి ఫోన్ చెయ్యాలో, ఎన్ని గంటల్లో వచ్చి నీళ్ల శాంపిల్ తీస్తారో కూడా ఆ బోర్డు మీదే రాయాలి. ఎందుకంటే మరుసటి రోజుకల్లా వాన నీళ్లు కలిసిపోయి, చూపించడానికి మా దగ్గర ఏమీ మిగలదు.

ధర కోసం మమ్మల్ని ఎలాగూ పిలుస్తారు. వచ్చే మీటింగుకు కాలుష్య నియంత్రణ మండలి ఇంజినీరును కూడా పిలిపించి మా ఎదురుగా కూర్చోబెట్టండి.

ఇట్లు
చెరువు ఆయకట్టు కింది మామిడి రైతు
చిత్తూరు జిల్లా