అమెరికా హోంలాండ్ సెక్యూరిటీ కార్యదర్శికి బహిరంగ లేఖ

కార్యదర్శి గారికి,

2025 ఏప్రిల్‌లో న్యూ ఆర్లీన్స్‌లో ఇమిగ్రేషన్ వాళ్లు పిలిచినప్పుడల్లా హాజరవుతున్న ఒక తల్లిని మీ అధికారులు నిర్బంధించి, మూడు రోజుల్లో హోండురాస్‌కు పంపేశారు. వెంట ఉన్న రెండేళ్ల పాప అమెరికా పౌరురాలు. పాపను ఇక్కడే ఉంచాలని తండ్రి తరఫువాళ్లు కోర్టుకు వెళ్లారు. తల్లే తీసుకెళ్తానందని మీవాళ్ల వాదన. ఆ సంగతి కోర్టుకు తెలియదు కదా అన్నారు జడ్జి. ఆమెనే ఫోన్లో అడుగుదామనుకునేసరికి విమానం సముద్రం మీద ఉంది.

అదే వారం పంపేసిన మరో కుటుంబంలో నాలుగేళ్ల బాబుకు క్యాన్సర్. మందులు కూడా లేకుండా వెళ్లాడని లాయర్లు చెప్పారు. ఇంత తొందర ఎందుకండీ?

బహిష్కరణ విచారణల్లో పౌరులు కానివారికీ న్యాయప్రక్రియ హక్కు, అంటే తమ మాట చెప్పుకునే న్యాయమైన అవకాశం, ఉందని మీ సుప్రీంకోర్టు 1993లోనే చెప్పింది. చట్టాన్ని అమలు చేయొద్దని నేను అనడం లేదు. వీసాల మీద బతుకుతూ అక్కడ పుట్టిన పిల్లల్ని పెంచుకుంటున్న తెలుగువాళ్లు వేలల్లో ఉన్నారు. ఈ టెన్షన్ వాళ్లదీ.

విమానం ఎక్కించేముందు తల్లిని లాయర్‌తో ఏకాంతంగా మాట్లాడనివ్వండి. తండ్రికి కబురు చేయండి. పిల్లల విషయంలో ఆమె నిర్ణయమేమిటో జడ్జి ఎదుట చెప్పనివ్వండి. జబ్బు పిల్లలుంటే డాక్టర్ మాట వినకుండా కదిలించకండి.

ఇట్లు,
ఒక తెలుగు పాఠకుడు