పరిగెత్తినందుకు గెలవలేదు, గెలుస్తున్నారు కాబట్టి పరిగెత్తారు

ఎడిటర్ గారికి,

మొన్న మీ క్రీడల పేజీలో అమెరికన్ ఫుట్‌బాల్ గురించి వేసిన వ్యాసం చదివాను. మన పేపర్లో ఈ ఆటకి అర పేజీ దక్కడమే గొప్ప, అందుకు ముందు థ్యాంక్స్. మేం డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాం. కౌబాయ్స్ జట్టు ప్రాక్టీస్ చేసే చోటు ఇక్కడే ఉంది, ఇండియన్ స్టోర్‌కి వెళ్లేటప్పుడు దాని ముందు నుంచే వెళ్తాం, కాబట్టి ఇష్టమున్నా లేకపోయినా ఈ ఆట చెవిన పడుతూనే ఉంటుంది. నాకు ఇష్టమే. అందుకే ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. ఒక ఆటగాడు బంతి పట్టుకుని 100 గజాలు పరిగెత్తిన మ్యాచ్‌లు ఆ జట్టు ఎక్కువగా గెలుస్తుంది, కాబట్టి గెలుపుకి రన్నే ముఖ్యం అని రాశారు. మొదటి సగం నిజమే. ఆ "కాబట్టి" దగ్గరే తేడా కొట్టింది.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. మైదానం 100 గజాల పొడవు (మనకి గజాలంటే ప్లాటే గుర్తొస్తుంది, ఇక్కడ పొడవు మాత్రమే). నాలుగు ప్రయత్నాల్లో 10 గజాలు ముందుకెళ్లాలి, వెళ్తే మళ్లీ నాలుగు ఇస్తారు. బంతిని చంకలో ఇరికించుకుని ఆ గుంపులోకి దూరిపోవడం రన్. జట్టు దాడిని నడిపించే ఆటగాడు, అంటే క్వార్టర్‌బ్యాక్, దాన్ని ముందున్నవాడికి విసిరితే పాస్. రన్‌కి సగటున నాలుగు గజాల పైచిలుకు వస్తుంది. పాస్‌కి, నేలపాలైనవన్నీ కలుపుకున్నా, ఏడు దాకా వస్తుంది, విసరకముందే క్వార్టర్‌బ్యాక్‌ని పడగొట్టేసినవి కూడా కలిపితే ఆరు. ఇంత తేడా ఉంటే ప్రతిసారీ పాసే వేయొచ్చు కదా అంటే, పాస్‌లో బంతి అవతలివాడి చేతిలో పడే ప్రమాదం ఉంది. పాస్ వేస్తే మూడు రకాలుగా జరగొచ్చు, అందులో రెండు చెడ్డవే అని పాతకాలం కోచ్‌లు అనేవాళ్లు.

ఇప్పుడు గడియారం సంగతి, అసలు మెలిక అంతా ఇక్కడే ఉంది. పాస్‌ని ఎవరూ పట్టుకోకపోతే గడియారం ఆగుతుంది. పరిగెత్తినవాణ్ణి మైదానం పక్క గీత లోపల పడగొడితే మాత్రం అది నడుస్తూనే ఉంటుంది, తర్వాతి ప్లే మొదలుపెట్టడానికి ఇచ్చే 40 సెకన్లలో ముందంజలో ఉన్న జట్టు 38 తినేసి అప్పుడు బంతి అందుకుంటుంది. చివరిదైన నాలుగో క్వార్టర్లో 17 పాయింట్ల ఆధిక్యం ఉన్న జట్టు ఇంకేం చేస్తుంది? రన్, రన్, రన్. గజాలు వచ్చినా రాకపోయినా టైం కరుగుతుంది. మూడో క్వార్టర్ చివరికి 65 గజాలున్నవాడికి అలా 100 దాటుతాయి. వెనకబడ్డ జట్టుకి ఆ సుఖం లేదు, వాళ్లు విసరాల్సిందే.

మనవాళ్లకి అర్థమయ్యేలా క్రికెట్లో చెప్తాను. మూడు ఓవర్లలో 8 పరుగులు కావాలి, చేతిలో ఏడు వికెట్లున్నాయి. బ్యాట్స్‌మన్ హాయిగా సింగిల్స్ తీసుకుంటూ మ్యాచ్ ముగిస్తాడు. మర్నాడు ఎవరైనా స్కోర్‌కార్డు చూసి చివర్లో సింగిల్స్ తీసే జట్లే గెలుస్తాయి, కాబట్టి మొదటి ఓవర్ నుంచీ సింగిల్సే తీయండి అని రాస్తే మీరు అచ్చేస్తారా?

పాస్ గజాలు కూడా ఇలాగే మోసం చేస్తాయని ఒప్పుకుంటాను. ఓడిపోతున్నవాడు ఎక్కువ విసురుతాడు కాబట్టి మొత్తం గజాలు అతనికే ఎక్కువ పడతాయి. ఒక సీజన్‌లో లీగ్ మొత్తంలో అత్యధిక పాస్ గజాలు సాధించిన క్వార్టర్‌బ్యాక్ అదే ఏడాది సూపర్ బౌల్ (లీగ్ ఫైనల్) కూడా గెలవడం 2022 సీజన్‌లో కాన్సాస్ సిటీ క్వార్టర్‌బ్యాక్ మహోమ్స్ చేసేదాకా జరగనే లేదు. అందుకే చూడాల్సింది మొత్తం కాదు, విసిరిన ఒక్కో పాస్‌కి ఎన్ని గజాలొచ్చాయి, ఎన్నిసార్లు బంతి పోగొట్టుకున్నాడు అనేది.

రన్ అంత గొప్పదైతే ఈ జాబితా చూడండి. 2024 సీజన్ దాకా ఒక సీజన్‌లో 2,000 గజాలు పరిగెత్తినవాళ్లు తొమ్మిది మందే. ఓ.జె. సింప్సన్, డికర్సన్, బ్యారీ శాండర్స్, టెరెల్ డేవిస్, జమాల్ లూయిస్, క్రిస్ జాన్సన్, పీటర్సన్, డెరిక్ హెన్రీ, శాక్వాన్ బార్‌క్లీ. వీళ్లలో ఏడుగురి జట్లు ఆ ఏడాది ప్లే ఆఫ్స్‌లో ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు, రెండు జట్లయితే ప్లే ఆఫ్స్ గడప కూడా తొక్కలేదు. డికర్సన్ 1984లో 2,105 గజాలు పరిగెత్తాడు, అది రికార్డు, మొదటి ప్లే ఆఫ్ మ్యాచ్‌లోనే ఇంటికి. కప్పు కొట్టింది ఇద్దరే, 1998 సీజన్‌లో డేవిస్ ఉన్న డెన్వర్, 2024 సీజన్‌లో బార్‌క్లీ ఉన్న ఫిలడెల్ఫియా. ఆ రెండు ఫైనల్స్‌లోనూ మ్యాన్ ఆఫ్ ద మ్యాచ్ లాంటి ఎంవీపీ అవార్డు క్వార్టర్‌బ్యాక్‌కే వెళ్లింది. మొదటిదాంట్లో ఎల్వే 336 గజాలు విసిరాడు. రెండోదాంట్లో బార్‌క్లీ మీదే కన్నేసి కూర్చున్న కాన్సాస్ సిటీ అతన్ని 25 ప్రయత్నాల్లో 57 గజాలకు కట్టేసింది, పాపం అంత కష్టపడి వాళ్లు బావుకున్నదేమిటంటే 40-22తో ఓటమి, ఎందుకంటే అటు ఫిలడెల్ఫియా క్వార్టర్‌బ్యాక్ హర్ట్స్ 22 పాస్‌లు వేసి 17 పూర్తి చేశాడు. ఫైనల్‌కి ముందు మంచులో ర్యామ్స్ మీద బార్‌క్లీ 205 గజాలు పరిగెత్తకపోతే ఫిలడెల్ఫియా అక్కడిదాకా వచ్చేది కాదేమో, అది వేరే సంగతి, కాదనను.

ఇదంతా నేను మా వీధి చివర పెద్దాయనకి చెప్పి చూశాను. థ్యాంక్స్‌గివింగ్ నాడు కౌబాయ్స్ మ్యాచ్ తప్పకుండా ఉంటుంది, మా ఇంట్లో ఒక పక్క టర్కీ, ఒక పక్క మేక బిర్యానీ, ఆయన 90ల్లో కౌబాయ్స్‌కి పరిగెత్తిన ఎమ్మిట్ స్మిత్ పేరున్న, వెలిసిపోయిన 22 నంబర్ జెర్సీ వేసుకుని వస్తాడు. క్వార్టర్‌బ్యాక్ బంతి పట్టుకుని వెనక్కి రెండడుగులు వేశాడో లేదో, చేతిలో ప్లేటుతోనే లేచి నిలబడి టీవీకి "రన్ ద బాల్!" అని అరుస్తాడు. రైతా రెండుసార్లు మా కార్పెట్ మీద పడింది. ఆయన వాదన మాత్రం తేలిగ్గా తీసేసేది కాదు. 1993లో జీతం గొడవతో ఎమ్మిట్ మొదటి రెండు మ్యాచ్‌లకి రాలేదు, డాలస్ రెండూ ఓడింది. అతను వచ్చాక కప్పు కొట్టింది. ఆ ఫైనల్‌లో స్కోరు 13-13 దగ్గర ఉన్నప్పుడు ఒకే దండయాత్రలో బంతి మళ్లీ మళ్లీ ఎమ్మిట్‌కే ఇచ్చి టచ్‌డౌన్ (బంతిని అవతలివాళ్ల చివరి గీత దాటించడం) దాకా లాక్కుపోయారు. ఆధిక్యం వచ్చాక టైం గడపడానికి చేసిన రన్‌లు కావవి, ఆధిక్యం తెచ్చిన రన్‌లు. దీనికి నా దగ్గర పెద్ద జవాబు లేదు, ఆ జట్టులో ఐక్‌మన్ అనే క్వార్టర్‌బ్యాక్, అర్విన్ అనే రిసీవర్ కూడా ఉన్నారు కదా అనడం తప్ప. ఆ మాటంటే ఆయన బిర్యానీ వైపు తిరుగుతాడు.

ఒకటి మాత్రం చెప్పాలి, అప్పటి ఆట వేరు, ఇప్పటిది వేరు. పాస్ అందుకోబోయేవాణ్ణి దారి పొడవునా తొయ్యడానికి వీల్లేదని, మొదటి ఐదు గజాల వరకే అని 1978లో రూలు పెట్టారు, 2004 నుంచి దాన్ని రెఫరీలు గట్టిగా అమలు చేస్తున్నారు. క్వార్టర్‌బ్యాక్ మీద ఆలస్యంగా పడితే పెనాల్టీ. విసరడం ఏటికేడు సులువవుతోంది. జట్ల ఓనర్లకి ఇది మనకంటే బాగా తెలుసు, 2024లో డాలస్ తన క్వార్టర్‌బ్యాక్‌తో ఏడాదికి 6 కోట్ల డాలర్ల లెక్కన ఒప్పందం రాసుకుంది, మర్నాటి ఏడాది బార్‌క్లీకి 2 కోట్ల పైన ఇస్తే రన్నింగ్ బ్యాక్‌కి (బంతితో పరిగెత్తేవాడికి) అంతా అని అందరూ నోరెళ్లబెట్టారు.

రన్ పార్టీవాళ్లంతా చివరికి వచ్చి వాలేది 2015 ఫిబ్రవరి 1 నాటి సూపర్ బౌల్ దగ్గర. సియాటిల్‌కి గెలవడానికి ఒక్క గజం కావాలి, అర నిమిషం కూడా లేదు, వెనక మార్షాన్ లించ్ లాంటి ఎద్దు ఉన్నాడు, వాళ్లు పాస్ వేశారు, న్యూ ఇంగ్లండ్ కుర్రాడు బట్లర్ మధ్యలో దూరి ఎత్తుకుపోయాడు. "లించ్‌కి ఇచ్చుంటే!" అని ఇప్పటికీ గుండెలు బాదుకుంటారు. నేనైనా ఇచ్చేవాణ్ణే. అయితే ఆ సీజన్‌లో ఒక గజం దూరం నుంచి వేసిన పాస్ ఒక్కటి కూడా అప్పటిదాకా అవతలివాడి చేతికి చిక్కలేదు, పైగా సియాటిల్ దగ్గర మిగిలింది ఒక్క టైమౌటే, పాస్ నేలపాలైతే గడియారం ఆగి ఇంకో రెండు ప్రయత్నాలు మిగిలేవి. కోచ్ అంత మతిలేని పనేం చేయలేదు, అదృష్టం బాలేదు. అసలు ఆ ఒక్క గజం గొడవలో పడి అందరూ మర్చిపోయేది మ్యాచ్ మొత్తాన్ని. లించ్ ఆ రోజు 102 గజాలు పరిగెత్తాడు. న్యూ ఇంగ్లండ్ జట్టంతా కలిసి పరిగెత్తింది 57. నాలుగో క్వార్టర్ మొదట్లో 24-14తో వెనకబడ్డ ఆ జట్టుని క్వార్టర్‌బ్యాక్ బ్రేడీ చిన్న చిన్న పాస్‌లతో పైకి లాక్కొచ్చాడు, మొత్తం 50 విసిరి 37 పూర్తి చేశాడు, నాలుగు టచ్‌డౌన్లూ పాస్‌లే, 28-24. మీ వ్యాసం లెక్క ప్రకారం 100 గజాలవాడున్న జట్టు గెలవాలి కదండీ!

రన్ దండగ అని నేననడం లేదు. రెండేళ్ల తర్వాత ఫైనల్‌లో అట్లాంటా 28-3 ఆధిక్యంలో ఉండి ఓడిపోయింది, చివరి ఐదు నిమిషాల్లో బంతి అవతలి జట్టు 22 గజాల గీత దగ్గర ఉన్నప్పుడు ఊరికే మూడుసార్లు మధ్యలోకి దూరి, ఫీల్డ్ గోల్ (బంతిని గోల్ స్తంభాల మధ్యకి తన్ని తెచ్చుకునే మూడు పాయింట్లు) కొట్టుకుని ఉంటే పనైపోయేది. విసరబోయి 12 గజాలు వెనక్కి పడ్డారు, ఆపై పెనాల్టీ, చివరికి ఫీల్డ్ గోల్ దూరం కూడా దాటిపోయి బంతిని అవతలి జట్టుకి తన్నేసుకోవాల్సి వచ్చింది. గెలిచిన మ్యాచ్‌ని ఇంటికి తీసుకెళ్లడానికి రన్ కావాలి. గెలిచే స్థితికి తెచ్చేది మాత్రం పాస్.

మా అబ్బాయి ఏడో తరగతి స్కూలు జట్టులో లైన్‌లో ఆడతాడు, అక్కడ కథ తిరగబడుతుంది. ఆ వయసు పిల్లలు 15 గజాలు సూటిగా విసరలేరు, విసిరినా పట్టుకునేవాడు లేడు. కాబట్టి కోచ్ మ్యాచంతా రన్‌లే చెప్తాడు, బాగా పరిగెత్తే పిల్లాడున్న జట్టే గెలుస్తుంది. బహుశా పెద్దాయన కూడా ఆ వయసులో చూసిన ఆటనే ఇంకా టీవీలో వెతుక్కుంటున్నాడేమో.

ఎడిటర్ గారూ, సీజన్ మొదలయ్యాక మీరు ఈ ఆట స్కోర్లు వేస్తే ఒక చిన్న మనవి. ఎవరు ఎన్ని గజాలు పరిగెత్తారో వేసే చోటే మూడో క్వార్టర్ అయ్యేసరికి స్కోరెంతో కూడా ఒక లైను వేయండి. జాగా సరిపోకపోతే గజాలు తీసేయండి.

ఇట్లు,
ఫ్రిస్కో, టెక్సస్ నుంచి మీ పాఠకుడు