మంత్రి గారూ, మా బిడ్డకు దసరా సెలవులు ఇప్పించండి

రాష్ట్ర విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను ఇంటర్ సెకండియర్ అమ్మాయికి, ఏడో తరగతి అబ్బాయికి తల్లిని. మేముండేది హైదరాబాద్‌లో, మా అత్తగారి ఊరు పరకాల దగ్గర. జూనియర్ కాలేజీ పిల్లలకు దసరా సెలవులు సరిగ్గా అందడం లేదని ఇంతకు ముందే నలుగురు తల్లిదండ్రులం కలిసి అర్జీ రాసి ఆఫీసులో ఇచ్చాం, రసీదు తీసుకున్నాం, తర్వాత ఫోన్లు చేశాం, మళ్లీ పోయి అడిగాం. "పై నుంచి ఆర్డర్ రావాలమ్మా" అన్నారు. పైన ఉన్నది మీరే కాబట్టి ఇక మీకే అందరికీ తెలిసేలా రాస్తున్నాను.

సెలవుల సంగతి మీకు నేను చెప్పాల్సిన పని లేదు. అయినా ఒక్కసారి ఆ తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి. 2024లో బళ్లకు అక్టోబర్ 2 నుంచి 14 దాకా, జూనియర్ కాలేజీలకు 6 నుంచి 13 దాకా. 2025లో బళ్లకు సెప్టెంబర్ 21 నుంచి అక్టోబర్ 3 దాకా, కాలేజీలకు సెప్టెంబర్ 28 నుంచి అక్టోబర్ 5 దాకా. రెండేళ్లూ ఎంగిలిపూల బతుకమ్మ నాడే బళ్లకు సెలవులు మొదలయ్యాయి. ఎవరో పండుగ తెలిసినవాళ్లే పెట్టి ఉంటారు, వాళ్లకు దండం. మరి పదహారేళ్ల ఆడపిల్లకు ఆ పండుగ లేదా సార్? తమ్ముడికి బతుకమ్మ మొదలైన నాడే సెలవు, బతుకమ్మ ఆడాల్సిన అక్కకు పండుగ సగానికొచ్చాకో, చివరికొచ్చాకో సెలవు. ఒకే ఇంట్లో ఇద్దరు పిల్లలుంటే ఆ ఇల్లు ఊరికి ఎప్పుడు బయల్దేరాలి? మావాడు బ్యాగు సర్దుకుని రోజూ "ఎప్పుడు పోదాం, అక్క ఎప్పుడొస్తది" అని అడుగుతుంటే, వాడిని ఒక్కడినే నానమ్మ దగ్గరికి పంపి మేం ఇక్కడ అమ్మాయి కోసం ఆగిపోతాం. అట్లా సగం కుటుంబం అక్కడ, సగం ఇక్కడ.

పోనీ, తేదీలు తేడాగా ఉన్నా ఇచ్చిన సెలవులన్నా పూర్తిగా ఇస్తే సర్దుకునేవాళ్లం. అసలు బాధ అక్కడే ఉంది. మీ ప్రకటనలో ఎనిమిది రోజులు ఉంటే, మా అమ్మాయి చదివే ప్రైవేటు కాలేజీ హాస్టల్ ఆఖరి రోజైన సద్దుల బతుకమ్మకు ముందు రోజు సాయంత్రం పంపి, దసరా తెల్లారి చీకటి పడేలోపు తిరిగి దింపమంది. నోటీసు బోర్డు మీద మాత్రం మీరిచ్చిన తేదీలే ఉన్నాయి. మాకు వచ్చింది వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్, కింద ఎవరి సంతకమూ లేదు. "రివిజన్ క్లాసులు ఉన్నందున" అని మొదలవుతుంది, "రాని విద్యార్థుల విషయంలో యాజమాన్యం బాధ్యత వహించదు" అని ముగుస్తుంది. ఇంటి నుంచి వచ్చి చదువుకునే పిల్లలకైతే యూనిఫాం వేసుకోకుండా మామూలు బట్టల్లో రమ్మని చెప్పారు. తనిఖీకి ఎవరైనా వస్తే కనబడకూడదని కాబట్టే కదా సార్ అట్లా చెప్పడం! చేసేది తప్పని వాళ్లకు తెలుసు, తెలిసీ చేస్తున్నారు, చదువు చెప్పాల్సినవాళ్లే పిల్లలకు దొంగతనంగా రావడం నేర్పిస్తున్నారు. నాకు అన్నిటికంటే ఎక్కువ కోపం తెప్పించింది ఇదే.

ఆ సాయంత్రం హాస్టల్ గేటు దగ్గర ఎట్లా ఉంటుందో మీరు ఒకసారి వచ్చి చూడాలి. వందల మంది తల్లిదండ్రులం రోడ్డు మీద నిలబడి ఉంటాం. లోపల వీక్లీ టెస్టు ఇంకా అయిపోదు. అయ్యాక ఒక్కొక్కరిని మైకులో పేరు పెట్టి పిలుస్తారు, రిజిస్టర్‌లో సంతకం, గేట్ పాస్, ఫీజు బాకీ ఉంటే మళ్లీ ఆఫీసు రూముకు పో. బయటపడేసరికి రాత్రి. అప్పుడు ఉప్పల్ చేరుకుంటే ఇలాంటి కాలేజీలన్నీ ఒకే సాయంత్రం పిల్లలను వదిలాయి కాబట్టి వరంగల్ బస్సుల దగ్గర కాలు పెట్టే సందు ఉండదు. మామూలు బస్సు దొరకదు, దొరికిన స్పెషల్ బస్సులో పండుగ రేటు, మామూలు ఛార్జీ మీద సగం ఎక్కువ. డబ్బులు పోతే పోయాయి అనుకుందాం. పిల్ల బస్సు ఎక్కీ ఎక్కగానే నా భుజం మీద తల పెట్టి ఊరొచ్చేదాకా నిద్రపోయింది. పండుగకు పోతున్న పిల్లలాగా లేదు సార్, ఆస్పత్రి నుంచి తీసుకొస్తున్నట్టు ఉంది.

ఊరికి పోయి ఏం చేస్తారులే, రెండు రోజులైతేనేం అని మీ దగ్గర కూర్చునేవాళ్లు ఎవరైనా అనుకోవచ్చు. బతుకమ్మ ఒక్క రోజు పండుగ కాదని మీకు తెలుసు. ఎంగిలిపూల నాటి నుంచి సద్దుల దాకా రోజుకో పేరు, రోజుకో నైవేద్యం, అటుకులని ఒకరోజు, ముద్దపప్పని ఒకరోజు, నానబియ్యమని ఇంకోరోజు, అలిగిన బతుకమ్మ నాడు ఆటే లేదు. నానమ్మ పక్కన కూర్చుని పేర్చడం నేర్చుకోవాలంటే ఆ రోజులన్నీ కావాలి. పొద్దున్నే చెరువు కట్ట మీదికి, చెలకల గట్ల మీదికి పిల్లలంతా తంగేడుకు, గునుగుకు పోతారు. తెచ్చిన గునుగు కాడలన్నిటినీ ఒకే పొడవుకు కత్తిరించి, చిన్న చిన్న కట్టలుగా దారంతో కట్టి, తెల్లటి కొసలను ఎరుపు, నీలం, ఆకుపచ్చ రంగునీళ్లలో ముంచి చాప మీద ఆరబెడతారు, చేతులకంటిన ఆ రంగు పండుగ దాటినా పోదు. తాంబాళంలో గుమ్మడాకులు పరిచి, ఒక వరుస తంగేడు, ఒక వరుస గునుగు, దాని మీద బంతి, కట్ల పూలు, మధ్యలో ఖాళీని మిగిలిన కాడలతో, ఆకులతో గట్టిగా కూరుకుంటూ పోవాలి. అది వదులైందంటే చెరువు దాకా నెత్తిన మోసుకుపోయేలోపే ఒక పక్కకు ఒరిగిపోతుంది. ఇది ఏ పుస్తకంలోనూ రాదు. మా అత్తమ్మ వేళ్లు ఎట్లా నొక్కుతాయో పక్కనుండి చూస్తేనే వస్తుంది. ఆమెకు వయసు మీద పడింది, మోకాళ్లు పట్టేశాయి, ఇంకెన్నేళ్లు కింద కూర్చుని పేరుస్తుందో తెలియదు. మా అమ్మాయి వెళ్లేసరికి పూలు తేవడం, రంగులద్దడం అన్నీ అయిపోయాయి. పేర్చిన బతుకమ్మ పక్కన నిలబడి ఫోటో దిగింది. అత్తమ్మ సత్తుపిండి ముద్దలు చేసి ఎదురుచూసింది, అవి డబ్బాలో పెట్టి హాస్టల్‌కు పంపాల్సి వచ్చింది, గేటు దగ్గర బయటి తిండి లోపలికి వద్దని అవీ ఆపేశారు.

ఈ సెలవుల్లో ఒక్కరోజు రామప్ప గుడికి, అట్నుంచి లక్నవరం చెరువుకు పోదామని పిల్లలిద్దరూ ఏడాది నుంచి అనుకుంటున్నారు. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు ఇచ్చిన గుడి, మా ఊరి నుంచి పొద్దున పోతే సాయంత్రానికి రావచ్చు. ఎక్కడెక్కడి నుంచో జనం వచ్చి చూసిపోతున్నారు, పక్కనే సొంతూరు ఉన్న మా పిల్లలకు మాత్రం కుదరలేదు. మావాడు "అక్క లేకుండా నేను పోను" అన్నాడు. సరే, వచ్చే దసరాకు అన్నాం. వచ్చే దసరాకు అమ్మాయి ఏ ఇంజనీరింగ్ కాలేజీలో, ఏ రాష్ట్రంలో ఉంటుందో!

సిలబస్ అంటారు, జనవరిలో జేఈఈ అంటారు. నాకూ నా బిడ్డకు మంచి ర్యాంకు రావాలనే ఉంది, అప్పు చేసి ఫీజు కట్టింది అందుకే. కానీ జూన్ మొదటి వారంలో కాలేజీలు తెరిచారు, 2025-26 బోర్డు క్యాలెండర్‌లో 226 పనిదినాలు ఉన్నాయి, ఆ దినాల్లో అవ్వని సిలబస్ బతుకమ్మ నాడే అవ్వాలా? పైగా ఆ కాలేజీలు మామూలు ఆదివారాలు కూడా వదలవు. ఆ రివిజన్ క్లాసుల్లో ఏం చెప్పారని అమ్మాయిని అడిగితే, సార్లు సగం మంది రాలేదు, స్టడీ అవర్ పెట్టి కూర్చోబెట్టారని చెప్పింది. వచ్చిన లెక్చరర్లు మాత్రం మనుషులు కాదా? వాళ్లలో ఆడవాళ్లున్నారు, వార్డెన్లు, వంటవాళ్లు, ఊడ్చేవాళ్లు ఉన్నారు, వాళ్లకూ ఇంటి దగ్గర పిల్లలున్నారు, వాళ్ల దసరా కూడా ఆ గేటు లోపలే అయిపోతోంది. వాళ్లు నోరు తెరిస్తే ఉద్యోగం పోతుంది కాబట్టి వాళ్ల తరపున కూడా నేనే రాస్తున్నా.

తంగేడు మన రాష్ట్ర పువ్వు, జమ్మి మన రాష్ట్ర చెట్టు, పాలపిట్ట మన రాష్ట్ర పక్షి. మూడూ ఈ పండుగవే. 2014లో బతుకమ్మను రాష్ట్ర పండుగ చేసుకున్నాం. 2025 సెప్టెంబర్‌లో సరూర్‌నగర్ స్టేడియంలో 63 అడుగుల బతుకమ్మను పేర్చి గిన్నిస్ రికార్డు కూడా తెచ్చారు. టీవీలో చూసి నాకూ గర్వంగానే అనిపించింది. కానీ ఆ స్టేడియానికి కాస్త దూరంలోనే హాస్టళ్లలో పండుగ రోజుల్లో తలుపులేసి ఆడపిల్లలకు టెస్టులు పెడుతున్నారు సార్. రికార్డు కంటే ముందు ఆ తలుపులు తీయించండి అని అడగడం తప్పా?

సెలవుల్లో క్లాసులు పెడితే కఠిన చర్యలు తీసుకుంటామని ప్రతి ఏడాదీ ప్రకటన వస్తుంది. పేపర్లో చదువుతాం, గ్రూపులో షేర్ చేసుకుంటాం, ఆ మర్నాడే క్లాసుల మెసేజ్ వస్తుంది. ఆ చర్య ఎవరి మీద పడిందో మాలో ఎవరికీ తెలియదు. ఫిర్యాదు చేద్దామంటే పిల్ల పేరు, కాలేజీ పేరు రాయమంటారు. రాస్తే ఆ కాగితం తిరిగి కాలేజీకే పోతుందని భయం. హాల్ టికెట్, ప్రాక్టికల్స్ మార్కులు, టీసీ అన్నీ వాళ్ల చేతిలో ఉన్నాయి, ఏ తల్లి ధైర్యం చేస్తుంది చెప్పండి? నేనిప్పుడు ఈ లేఖలో కాలేజీ పేరు రాయకపోవడానికి కారణం కూడా ఆ టెన్షనే.

కాబట్టి దయచేసి పేరు చెప్పకుండా ఫిర్యాదు చేసే దారి పెట్టండి. ఫిర్యాదు వస్తేనే కదలాలని కూడా ఏం లేదు, సెలవుల్లో ఏ రోజైనా పొద్దున ఎనిమిది గంటలకు మీ అధికారులను ఏ కాలేజీ వీధిలోనైనా నిలబెట్టండి, మామూలు బట్టలేసుకుని పుస్తకాల బ్యాగులతో లోపలికి పోయే పిల్లలు కనబడతారు. హాస్టళ్లకు పోయి ఎంతమంది ఉన్నారో చూసుకోండి. దొరికిన కాలేజీ పేరు, వేసిన శిక్ష బయటపెట్టండి. అన్నిటికంటే ముందు బళ్లకు, జూనియర్ కాలేజీలకు దసరా సెలవులు ఒకేసారి మొదలయ్యేలా చేయండి, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు కలిసి ఊరికి పోయేలా చేయండి. దీనికి బడ్జెట్ అక్కర్లేదు, కొత్త పథకం అక్కర్లేదు, క్యాలెండర్ తయారు చేసేటప్పుడు ఒక గీత మారిస్తే చాలు.

వచ్చే విద్యా సంవత్సరం క్యాలెండర్ త్వరలోనే మీ టేబుల్ మీదికి వస్తుంది. మా అమ్మాయికి అప్పటికి ఇంటర్ అయిపోతుంది, దానికి ఇక ఏ లాభమూ లేదు. ఈసారి పదో తరగతి రాసే ఆడపిల్లలు ఎంతోమంది ఉన్నారు, వాళ్ల కోసం అడుగుతున్నాను. సంతకం పెట్టే ముందు ఎంగిలిపూల బతుకమ్మ ఏ రోజు వస్తుందో చూసి, కాలేజీలకు కూడా ఆ రోజు నుంచే సెలవు రాయండి. రాసిన సెలవు పిల్లలకు అందేలా చూడండి. ఈసారి రసీదు కాదు, జవాబు కావాలి సార్.

ఇట్లు,
ఒక ఇంటర్ విద్యార్థిని తల్లి
హైదరాబాద్