పండక్కొచ్చే చుట్టాలు, ఇంట్లో పిరికి తల్లిపిల్లి

సంపాదకులకు నమస్కారం.

సంక్రాంతికి ప్రతి ఇల్లూ చుట్టాలతో నిండిపోతుంది. ఈమధ్య చాలా ఇళ్లలో పిల్లులూ ఉంటున్నాయి. గుమ్మంలో కొత్త చెప్పులు కనిపిస్తే మంచం కిందకి దూరిపోయే పిరికి తల్లి, ఎవరి కాలివేలు కదిలినా దాని మీదకి దూకే కూనలు. వచ్చినవాళ్లు "ఏదీ, మీ పిల్లిని చూపించండి" అంటారు. ఇంటివాళ్లు మొహమాటపడి తల్లిని మంచం కింద నుంచి లాగి, చంకనెత్తుకుని హాల్లోకి తెస్తారు. ఆ తర్వాత గీతలు, అరుపులు, పరుగులు. పత్రికల్లో పెంపుడు జంతువుల గురించి వచ్చేదంతా దాదాపు కుక్కల మీదే కాబట్టి పండగ ముందు ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను.

ముందుగా ఒక సంగతి. తల్లినీ కూనలనూ ఒకేసారి, ఒకే గదిలో కొత్తవాళ్లకు పరిచయం చేయకూడదు. తల్లికి కావలసింది దూరం. కూనలకు కావలసింది మనుషులు. పుట్టిన రెండో వారం నుంచి ఏడో వారం దాకా కూన మనుషులకు సులువుగా మచ్చికయ్యే వయసు. ఆ తర్వాత మచ్చిక చేయలేమని కాదు, నెలల తరబడి ఓపిక పట్టాల్సి వస్తుంది. ఆ వారాల్లో ఒక్కరి చేతిలోనే పెరిగిన కూన ఆ ఒక్కరినే నమ్ముతుంది. నలుగురైదుగురు ఎత్తుకున్న కూన కొత్త మనిషిని చూసి జంకదు. ఆ లెక్కన పండగ చుట్టాలు కూనలకు మేలే చేస్తారు. కానీ దేనికి భయపడాలో కూనలు తల్లిని చూసే నేర్చుకుంటాయి. అది చెవులు వెనక్కి వంచి బుస్సుమంటున్న గదిలో వాటిని చుట్టాల చేతికిస్తే, మనిషంటే భయమే వాటికి తొలి పాఠమవుతుంది.

కాబట్టి చుట్టాలు దిగడానికి రెండు మూడు రోజుల ముందే తల్లికి ఒక గది కేటాయించాలి. రాకపోకలు తక్కువగా ఉండే వెనక గది మేలు. కాలింగ్ బెల్ మోగాక హడావుడిగా గదిలో పెట్టి తలుపేస్తే అది శిక్షలాగే తోస్తుంది. గదిలో ఒక అట్టపెట్టె పెట్టి, రెండు వైపులా జానెడు వెడల్పు కన్నాలు కోయాలి. ఒక్క దారే ఉన్న పెట్టెలో ఎవరైనా ఎదురుగా వంగితే పిల్లికి తప్పించుకునే వీలుండదు, అప్పుడు గోళ్లు బయటికొస్తాయి. పిల్లినైనా గదిలో పెట్టి కొడితే తిరగబడుతుందని ఊరికే అనలేదు. పెట్టెలో ఇంటివాళ్లు వాడిన పాత లుంగీయో చీర ముక్కో, ఉతకకుండా, పరవాలి. మంచినీళ్లు, తిండి ఒక మూల, మలమూత్రాలకి ఇసుక పోసిన తట్ట దానికి ఎదురు మూల. బీరువా మీద ఒక దుప్పటి పరిచి, అక్కడికి ఎక్కేందుకు మధ్యలో ఒక స్టూలు వేస్తే ఇంకా మంచిది. భయపడ్డ పిల్లికి ఎత్తైన చోటు ధైర్యాన్నిస్తుంది.

మొదటి రోజు ఏ పరిచయాలూ వద్దు. రెండో రోజు, ఇల్లు సద్దుమణిగాక, ఒక్కరంటే ఒక్కరు ఆ గది గుమ్మం దగ్గర నేల మీద కూర్చోవాలి. పిల్లికి ఎదురుగా కాకుండా పక్కకి తిరిగి కూర్చోవాలి. నిలబడిన మనిషి దానికి మీదపడేవాడిలా కనిపిస్తాడు. పిలవకూడదు, తేరిపార చూడకూడదు. ఫోను చూసుకుంటూ, ఉప్పూ కారం ఉల్లి వెల్లుల్లి తగలకుండా ఉడికించిన కోడిమాంసం శనగగింజంత ముక్కలు చేసి, ఒక్కొక్కటే పిల్లి వైపు విసరాలి. ఉల్లి, వెల్లుల్లి పిల్లుల రక్తకణాలను దెబ్బతీస్తాయి, అందుకని కూరలోంచి తీసిన ముక్క కడిగి పెట్టినా పనికిరాదు. ముక్క చేత్తో అందించొద్దు. తిండి కోసం దగ్గరికొచ్చి, తిన్నాక తలెత్తి తనెక్కడున్నదీ గమనించుకుని హడలిపోయే పిల్లులు చాలా ఉన్నాయి. పది నిమిషాలు చాలు. పిల్లి వెళ్లిపోకముందే మనిషే లేచి వెళ్లాలి.

కళ్లు కలిస్తే నెమ్మదిగా రెప్పలు సగం వాల్చి, మూసి, తెరవాలి. 2020లో బ్రిటన్ పరిశోధకులు దీన్ని పరీక్షించి చూశారు. ఇలా చేసిన మనిషికి పిల్లులు రెప్పలు వాల్చి బదులిచ్చాయి, ముఖం మామూలుగా పెట్టిన కొత్త మనిషి కంటే రెప్పలు వాల్చిన కొత్త మనిషి చేతి దగ్గరికే ఎక్కువగా వచ్చాయి. తల్లి తనంతట తాను దగ్గరికొస్తే చూపుడువేలు దాని ముక్కు ఎత్తులో వదులుగా చాచి ఉంచాలి. వాసన చూసి బుగ్గ రుద్దితే బుగ్గ మీద, గడ్డం కింద రెండు మూడు క్షణాలు నిమిరి చెయ్యి తీసేయాలి. మళ్లీ తల ఆనిస్తేనే మళ్లీ నిమరాలి. నెత్తి మీద నుంచి చెయ్యి దించడం, పొట్ట ముట్టుకోవడం వద్దు. తోక కొస టపటపలాడుతున్నా, వెలుతురులో కూడా కంటిపాపలు పెద్దవైనా, వీపు మీది చర్మం అలలా కదిలినా, చెవులు పక్కకి వాలినా ఆ రోజుకి చాలు. పండగ మూడు రోజుల్లో తల్లి ఎవరి దగ్గరికీ రాకపోయినా అది ఓటమి కాదు. చుట్టాలున్న ఇంట్లో భయం లేకుండా తిని, నిద్రపోతే చాలు.

ఇక కూనలు. రెండు వారాలు నిండని కూనలను బయటివాళ్లకు చూపించనే వద్దు. పిల్లి తన పిల్లలను ఏడిళ్లు తిప్పుతుందన్న సామెత వెనక ఉన్నది ఇదే. గూడు దగ్గర అలికిడి ఎక్కువైతే తల్లి కూనలను నోట కరుచుకుని అటక మీదకో పక్కింటి డాబా మీదకో మార్చేస్తుంది. మార్చేస్తే వెంటపడి తిరిగి తేవద్దు, ఆ చోటు ప్రమాదకరమైతే తప్ప. ముందుగానే ఇంట్లో రెండో గూడు సిద్ధం చేసి ఉంచితే అది బయటికి పోకుండా అందులోకే మార్చుకుంటుంది.

నాలుగో వారం నుంచి, తల్లి తన గదిలో తింటున్న సమయంలో, కూనలను రెండేసి చొప్పున వేరే గదికి తేవాలి. అన్నిటినీ ఒకేసారి తెస్తే చుట్టాల పిల్లలు తలా ఒకదాన్నీ లాక్కుంటారు. చేతులు సబ్బుతో కడుక్కున్నాకే ఎవరైనా తాకాలి. దీనికి రెండు కారణాలున్నాయి. పిల్లుల పాన్‌ల్యూకోపీనియా అనే అంటువ్యాధి వైరస్ చేతుల మీదుగానూ సోకుతుంది, బట్టలకీ చెప్పులకీ అంటుకుని నెలల తరబడి బతుకుతుంది, టీకా పడని కూనలను ఇట్టే చంపేస్తుంది. చుట్టాల ఇంట్లో పిల్లులుంటే చెప్పులు గుమ్మం బయటే విడవాలి. రెండోది, అత్తరో నొప్పి బామో అంటుకున్న కూనను తల్లి తన బిడ్డ కాదన్నట్టు బుసకొట్టవచ్చు. తిరిగి ఇచ్చేముందు గూట్లోని గుడ్డతో కూనను తుడవాలి.

ఎత్తుకునేవాళ్లు నేల మీద బాసిపట్టు వేసుకుని కూర్చోవాలి. ఒక చెయ్యి రొమ్ము కింద, ఒకటి వెనక కాళ్ల కింద. మెడ చర్మం పట్టుకుని వేలాడదీయకూడదు. నాలుగైదు వారాల కూనకి ఐదు నిమిషాలు చాలు, ఆరేడు వారాలదానికి పావుగంట. ఆటకి రెండు మూడు అడుగుల కర్రకి గుడ్డపేలిక కట్టి ఇవ్వాలి, వేళ్లు మాత్రం ఇవ్వొద్దు. ఐదో వారంలో వేలు కొరికితే అందరూ మురిసిపోతారు. అదే పిల్లి ఆరో నెలలో అదే ఆట ఆడితే రక్తం వస్తుంది. కరిచినప్పుడు చెయ్యి లాక్కుంటే పట్టు ఇంకా బిగుస్తుంది. కదలకుండా ఉండి, వదిలాక చెయ్యి తీసి ఆట ఆపేయాలి.

ఆడవాళ్లు చీరకొంగు, చున్నీ నడుముకి దోపుకుంటే మంచిది. వేలాడే కొంగు అంచూ, గల్లుమనే పట్టీలూ కూనకి ఎరలే. అది దూకి గోళ్లు దిగేస్తుంది, మనిషి కెవ్వుమని కాలు విదిలిస్తుంది, కూన గోడకి కొట్టుకుంటుంది. ఐదేళ్లలోపు పిల్లలు పెద్దవాళ్ల ఒళ్లో కూర్చునే చూడాలి. అంతకంటే పెద్దవాళ్లని ఒక్కొక్కరినే కూర్చోబెట్టి కర్ర చేతికివ్వండి.

పండగ ఇంట్లో పూలదండ దారాలు, రిబ్బన్లు, రబ్బరు బ్యాండ్లు, గాలిపటం దారం నేల మీద ఉండకూడదు. మింగిన దారం పేగులను మడతలు పెట్టి కోసేస్తుంది. నోటి నుంచో వెనక నుంచో దారం వేలాడుతుంటే లాగకుండా వెంటనే పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాలి. చుట్టాలు బయల్దేరేముందు కారు కింద, బానెట్ లోపల ఒకసారి చూడండి. చలికి కూనలు వెచ్చటి ఇంజన్ దగ్గర చేరతాయి.

గీత పడినా, పన్ను దిగినా పసుపు అద్ది ఊరుకోవద్దు. పారే నీళ్ల కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. రేబిస్ టీకా ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితం. పిల్లికి మూడు నెలలు నిండితే గాని ఆ టీకా వేయరు కాబట్టి కూన గీతని చిన్నదని వదిలేయకూడదు. గర్భిణులు పిల్లిని నిమిరితే భయం లేదు, ఇసుక తట్ట మాత్రం వేరేవాళ్లు రోజూ శుభ్రం చేయాలి. పిల్లి మలంలో ఉండగల, కడుపులోని బిడ్డకు హాని చేసే టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి ఒకటి నుంచి ఐదు రోజుల తర్వాతే అంటుకునే స్థితికి వస్తుంది కనుక రోజూ తీసేస్తే ముప్పు చాలా తగ్గుతుంది.

చివరగా, వెళ్లేటప్పుడు "ఒకటి మాకివ్వండి" అని అడిగేవాళ్లు తప్పకుండా ఉంటారు. ఎనిమిది వారాలు నిండని కూనను ఎంత దగ్గరివాళ్లకైనా ఇవ్వకండి, పన్నెండు వారాల దాకా ఆగగలిగితే మరీ మంచిది. కరవడం ఎంతవరకో అది తోబుట్టువుల దగ్గరే నేర్చుకుంటుంది. ఇచ్చేటప్పుడు గూట్లోని గుడ్డ ముక్క ఒకటి, అది తినే తిండి వారానికి సరిపడా ఇచ్చి పంపండి. ఆవుపాలు పోయొద్దని చెప్పండి, చాలా పిల్లులకు విరేచనాలవుతాయి. కూనలు పాలు మరిచాక తల్లికి ఆపరేషన్ చేయించండి. పాలిస్తున్న రోజుల్లోనే అది మళ్లీ చూలు కట్టగలదు, అందాకా దాన్ని బయటికి వదలకండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
కాకినాడ